స్నేహితులతో వారాంతపు ఆరుబయట సంగీతోత్సవానికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరుబయట జరిగే సంగీతోత్సవాలకు నేనూ నా స్నేహితురాలూ ఎనిమిదేళ్లుగా కలిసి వెళ్తున్నాం. తొలిసారి వెళ్లబోయేవాళ్లు ఎవరు కలిసినా దాదాపు అవే సందేహాలు అడుగుతారు. జనంలో తప్పిపోతే ఎలా, చెవులకు ఏమీ కాదా, ఇద్దరికీ నచ్చేవి వేరైతే ఏం చేయాలి, గుడారంలో నిద్ర పడుతుందా? అందరికీ పనికొస్తుందని ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. వరుసగా చదవనక్కరలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## టికెట్ కొనే ముందు

హాల్లో కచేరీకీ మైదానంలో రెండు మూడు రోజుల ఉత్సవానికీ అంత తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. హాల్లో కచేరీ అంటే రెండు గంటలు, ఒక కుర్చీ, నెత్తిన కప్పు. మైదానంలో ఉత్సవమంటే రోజుకు పది పన్నెండు గంటలు కాళ్ల మీద ఉండటం, ఎండ, వాన, బురద, ఒకే సమయంలో నాలుగైదు వేదికల మీద పాటలు. అక్కడ పెత్తనం వాతావరణానిదే. 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవాన్ని మూడు రోజులకే అనుకున్నారు. దాదాపు నాలుగు లక్షల మంది వచ్చారు, వానలు పడ్డాయి, కార్యక్రమాలు వెనక్కి జరుగుతూ పోయాయి. ఆదివారం రాత్రి ముగింపు పలకాల్సిన గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ సోమవారం ఉదయం వేదికెక్కేసరికి జనంలో చాలామంది వెళ్లిపోయారు. ఇప్పుడు నిర్వహణ ఎంతో మెరుగుపడింది. అయినా వాన పడితే వేళలు తారుమారు కావడం మామూలే. ఫలానా పాట ఫలానా నిమిషానికి వినితీరాలని పట్టుబట్టే మనసుతో వెళ్తే బాధపడతారు. ఆ పట్టు సడలించుకుంటే హాల్లో దొరకని ఆనందం అక్కడ దొరుకుతుంది. చీకటి పడే వేళ, చల్లగాలిలో, వేలమందితో కలిసి ఒకే పల్లవి అందుకోవడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

నాకు నచ్చే బృందాలు వేరు, నా స్నేహితుడికి నచ్చేవి వేరు. కలిసి వెళ్లడం కుదురుతుందా?

తప్పకుండా కుదురుతుంది. కలిసి వెళ్లడమంటే ప్రతి నిమిషం పక్కపక్కనే నిలబడటం కాదు. ఈ ఒక్క మాట ఇద్దరూ ముందే పైకి చెప్పుకుంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

మేము చేసేది చెబుతాను. కార్యక్రమాల పట్టిక రాగానే ఇద్దరం విడివిడిగా కూర్చుంటాం. ఒకరిది ఒకరు చూడకుండా, వదులుకోలేనివి మూడేసి రాసుకుంటాం. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెడతాం. రెండింటిలోనూ ఉన్నవాటికి కలిసే వెళ్తాం. ఒకే వేళకు రెండు వేర్వేరు పేర్లు పడితే, మొహమాటం లేకుండా ఎవరి దారిన వాళ్లు వెళ్తాం. వీటికి తోడు ఇంకో షరతు పెట్టుకున్నాం. ఆమెకు ప్రాణమైన బృందం ఒకదానికి నేను వెళ్లాలి, నాకు ప్రాణమైనదానికి ఆమె రావాలి. అది ఎందుకు నచ్చుతుందని అడగకూడదు, మధ్యలో లేచి రాకూడదు. పాట లేకుండా గంటసేపు సాగిన డప్పుల వాయిద్యాన్ని మొదటిసారి అలాగే విన్నాను. నా అంతట నేనైతే ఆ వేదిక వైపు తొంగి కూడా చూసేదాన్ని కాదు. ఇప్పుడు అలాంటివి వెతుక్కుని మరీ వింటాను.

టికెట్లు, ఖర్చులు ఎవరు పెట్టుకోవాలి?

టికెట్లు ఒకరే ఒకేసారి కొంటే ఇద్దరికీ ఒకే తరగతివి దొరుకుతాయి. ప్రయాణం, టెంటు, పార్కింగ్ వంటి ఉమ్మడి ఖర్చులు ఒకచోట రాసుకుని, ఇంటికి చేరిన వారంలోగా తేల్చుకోండి. తిండి, జ్ఞాపికల వంటివి ఎవరివి వారే చూసుకోవడం మేలు. ముఖ్యంగా ఎవరు ఎంతవరకు పెట్టుకోగలరో ముందే అడగండి. చేతిలో అంత లేకపోయినా మాట పోతుందని తలూపేవాళ్లు ఎంతోమంది ఉంటారు. ఆ ఇబ్బంది రెండో రోజుకు మౌనంగా, చిరాకుగా బయటపడుతుంది.

చివరి నిమిషంలో ఒకరు రాలేకపోతే టికెట్ సంగతి?

కొనేముందే నిబంధనలు చదవండి. కొన్ని టికెట్ల మీద పేరు ఉంటుంది, వాటిని మార్చడం కుదరదు. కొన్నింటిని నిర్వాహకుల సొంత పద్ధతిలో మాత్రమే ఇంకొకరికి బదలాయించవచ్చు. అధికారికం కాని చోట్ల కొన్న టికెట్ గేటు దగ్గర చెల్లకపోతే మీ మొర వినేవారు ఉండరు. టికెట్ ఫొటోను, ముఖ్యంగా బార్ కోడ్ కనిపించేలా, సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. ఆ కోడ్‌ను ఎవరైనా నకలు చేసుకోగలరు.

ఒక్క రోజు టికెట్ చాలా, వారాంతం మొత్తానిదా?

మొదటిసారి అయితే, పైగా ఇద్దరిలో ఒకరికి సందేహంగా ఉంటే, ఒక్క రోజుది తీసుకోండి. అందులో ఏ తక్కువా లేదు.

మైదానంలోనే టెంటు వేసుకోవాలా, బయట గది తీసుకోవాలా?

నిద్ర పట్టక మరునాడంతా కుంగిపోయే తత్వం ఉంటే గది తీసుకోండి. వెన్నునొప్పి, వేళకు వేసుకోవాల్సిన మందులు, చల్లగా ఉంచాల్సిన మందులు ఉన్నవాళ్లకూ గదే నయం. కాకపోతే రాత్రి చివరి కార్యక్రమం ముగిశాక వేలమంది ఒకేసారి బయటికి వస్తారు. గదికి చేరడానికి వాహనం ఎలా అన్నది ముందే తేల్చుకోవాలి. టెంటులో ఆ తిప్పలు ఉండవు. ఉత్సవం ఊపిరి అందేది అక్కడే. పొద్దున్నే పక్క గుడారం నుంచి ఎవరో మెల్లగా గిటార్ మీటుతూ ఉంటే మెలకువ రావడం నాకు ఇష్టం. ఇద్దరి ఇష్టాలు వేరైతే ఒకరు గదిలో, ఒకరు టెంటులో ఉన్నా తప్పు లేదు.

## సామాను సర్దేటప్పుడు

ఇద్దరికీ కలిపి ఏమేం కావాలి?

టెంటు, దాని మేకులు కొట్టే సుత్తి, ప్రథమ చికిత్స డబ్బా, సన్‌స్క్రీన్, చెత్త సంచులు ఇద్దరికీ ఒక్కొక్కటి చాలు. టార్చి, నీళ్ల సీసా, వానకోటు, పవర్ బ్యాంకు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు, గుర్తింపు కార్డు, కొంత నగదు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. ఈ రెండో జాబితాను ఉమ్మడి చేయడమే చాలామంది చేసే పొరపాటు. విడిపోయిన మూడు గంటలూ నీళ్లు ఒకరి దగ్గర, వెలుతురు ఒకరి దగ్గర ఉండిపోతాయి. గొడుగులను చాలా ఉత్సవాలు లోపలికి రానివ్వవు, అవి వెనకవాళ్లకు అడ్డం, కళ్లకు ప్రమాదం. రోజూ వేసుకునే మందులు ఉంటే వాటి పెట్టెతోనే, చీటీతో పాటు తీసుకెళ్లండి. అప్పుడు తనిఖీ దగ్గర ఆగాల్సిన పని ఉండదు.

ఉత్సవం కోసం కొత్త బూట్లు కొన్నాను. అవే వేసుకోవచ్చా?

వేసుకోకండి. పాతబడి, పాదానికి అలవాటైన మూసిన బూట్లే వేసుకోండి. కొత్తవే వేసుకోవాలనుకుంటే కనీసం రెండు వారాలు ముందుగా రోజూ వేసుకుని నడవండి. మడమ దగ్గర చర్మం వేడెక్కి చురుక్కుమంటే బొబ్బ రాబోతోందని అర్థం. ఆ క్షణమే ఆగి, పాదం తుడిచి, ఆ చోట పట్టీ అంటించండి. ఈ పాట అయ్యాక చూద్దామనుకుంటే అప్పటికే నీరు పట్టి ఉబ్బుతుంది, మర్నాడు కుంటాల్సి వస్తుంది. రోజుకు రెండు జతల మేజోళ్లు సర్దుకోండి, తడిసినవి వెంటనే మార్చండి.

ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటే ఇంక సంగీతం ఏం వినిపిస్తుంది?

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను అన్నిటికన్నా గట్టిగా జవాబు చెప్పేదీ దీనికే. వినిపిస్తుంది, చాలాసార్లు మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి.

85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు వినవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర కేవలం 15 నిమిషాలు. పెద్ద వేదిక ముందు 100 డెసిబెళ్లు అసాధారణం కాదు. వినోద వేదికల్లో సగటు ధ్వని 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని రోమ కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. మూడు రోజుల ఆనందానికి జీవితాంతపు వినికిడిని వెలగా చెల్లించనక్కరలేదు.

ప్లగ్గుల్లో రెండు రకాలు ఉంటాయి. స్పంజు లాంటివి చవక, శబ్దాన్ని బాగా ఆపుతాయి గానీ పైస్థాయి ధ్వనులను ఎక్కువగా మింగి, పాటను మందకొడిగా వినిపిస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్గులు అన్ని స్థాయులనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. పాట అదే పాటలా ఉంటుంది, కాస్త దూరంగా జరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

స్పంజువి పెట్టుకునే పద్ధతి తెలియక చాలామంది పనిచేయడం లేదంటారు. శుభ్రమైన వేళ్లతో దాన్ని పుల్లలా సన్నగా నలపండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి, చెవి రంధ్రం తిన్నగా అవుతుంది. నలిపినదాన్ని లోపలికి జారవిడిచి, అది ఉబ్బి నిండేదాకా అరనిమిషం వేలితో నొక్కి పట్టుకోండి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే లోలోపల మోగినట్టు వినిపిస్తుంది. వేదిక దగ్గరికి వెళ్లకముందే పెట్టుకోండి. చెవులు గుయ్యిమన్న తర్వాత పెట్టుకుంటే జరిగిన నష్టం వెనక్కి రాదు.

టికెట్ ఫోనులో ఉంది. అది చాలదా?

ఇంట్లో ఉండగానే టికెట్ యాప్‌లో తెరిచి, ఆఫ్‌లైన్‌లో కనిపిస్తుందో లేదో చూసుకోండి. గేటు దగ్గర నెట్‌వర్క్ ఉండకపోవచ్చు. కొన్ని టికెట్ల బార్ కోడ్ క్షణక్షణం మారుతుంది, వాటికి స్క్రీన్‌షాట్ చెల్లదు. కాగితం టికెట్ ఇచ్చేవాళ్లయితే అదీ వెంట ఉంచుకోండి. ఇద్దరి టికెట్లూ ఒకే ఫోనులో ఉంటే, లోపలికి వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసే వెళ్లాలి. పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్ సామర్థ్యానిది అయితే మామూలు ఫోనుకు రెండుసార్లు దాకా వస్తుంది.

## చేరుకున్న రోజు

టెంటు ఎక్కడ వేసుకుంటే మంచిది?

పగలే చేరుకుని, చుట్టూ చూసి వేసుకోండి. పల్లంలో వేస్తే వాన వచ్చినప్పుడు నీళ్లన్నీ మీ దగ్గరికే వస్తాయి. ప్రధాన నడకదారి పక్కన వేస్తే రాత్రంతా తాళ్లకు ఎవరో ఒకరు తట్టుకుంటూనే ఉంటారు. మరుగుదొడ్లకు మరీ దగ్గరా వద్దు, మరీ దూరమూ వద్దు. పెద్ద చెట్టు కింద నీడ బాగుంటుంది గానీ, గాలివానలో కొమ్మలు విరుగుతాయి. టెంటు వేయగానే దానికి గుర్తుగా రంగు గుడ్డ ఒకటి కట్టండి. పొద్దున పది గుడారాలు ఉన్నచోట రాత్రికి వెయ్యి ఉంటాయి, చీకట్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

జనంలో ఒకరికొకరం తప్పిపోతే ఎలా?

ఇసుక వేస్తే రాలనంత జనంలో తప్పిపోవడం ఖాయమనుకునే వెళ్లండి. అప్పుడు అది ప్రమాదంలా అనిపించదు.

మేము రెండోసారి వెళ్లినప్పుడు ఒక పాట మధ్యలో నీళ్లు తెస్తానని ఆమె వెళ్లింది. తిరిగి వచ్చేసరికి నేనున్న చోటు జనంతో నిండిపోయింది, వాళ్లు నన్ను ఇరవై అడుగులు పక్కకు నెట్టేశారు. ఫోను కలవలేదు. నేను ఆమె కోసం వెతుకుతూ తిరిగాను, ఆమె నా కోసం వెతుకుతూ తిరిగింది. ఇద్దరం కదులుతూ ఉండటమే మేము కలవలేకపోవడానికి కారణమని తర్వాత అర్థమైంది. గంటన్నర తర్వాత నా ఫోను ఒక్కసారిగా జేబులో అదిరింది. ఆమె పంపిన పదకొండు సందేశాలు వరుసగా వచ్చి పడ్డాయి. మొదటి దాంట్లో, నీళ్ల కుళాయిల దగ్గర ఉన్నాను అని ఉంది. చివరి దాంట్లో, బాగానే ఉన్నావు కదా అని మాత్రమే ఉంది. ఆమె గొంతు తడారిపోయేంత భయపడిందని ఆ చివరి మాట చూశాకే నాకు తెలిసింది.

అప్పటి నుంచి చేరుకోగానే ముందు కలుసుకునే చోటు ఒకటి ఎంచుకుంటాం. అది వేదిక కాకూడదు, ఎందుకంటే వేదిక ముందు చోటు నిమిషానికోలా ఉంటుంది. కదలనిది, ఎత్తుగా కనిపించేది, రాత్రి వెలుతురు ఉండేది కావాలి. సమాచార కేంద్రం, దీపస్తంభం, ప్రథమ చికిత్స గుడారం లాంటివి. ఇద్దరం నడిచి వెళ్లి దాన్ని తాకి వస్తాం. తప్పిపోతే వెతకకూడదు, గంట కొట్టే సమయానికి, అంటే సరిగ్గా ఏడుకో ఎనిమిదికో, అక్కడ ఉండాలి. ఒకరు రాకపోతే పావుగంట చూసి, పాటకు వెళ్లిపోయి, మళ్లీ తర్వాతి గంటకు రావాలి. వరుసగా రెండు గంటలు రాకపోతే వాలంటీర్లకు చెప్పాలి. ఈ పద్ధతికి ఫోను అక్కరలేదు.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా సందేశాలు ఎందుకు వెళ్లవు?

గీతలు చెప్పేది టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందన్నదే. ఒకే టవర్ మీద వేలమంది ఒకేసారి ఆధారపడితే ఎవరి వంతు వచ్చేదాకా వాళ్లు ఆగాలి. డేటా అందనప్పుడు కూడా మామూలు ఎస్ఎంఎస్ చాలాసార్లు వెళ్తుంది, అది చాలా చిన్నది, నెట్‌వర్క్ మీద భారం తక్కువ. సందేశంలో పంపిన సమయం కూడా రాయండి. ఇక్కడే ఉన్నాను అన్న మాట గంట తర్వాత చేరితే దారి తప్పిస్తుంది. అవసరం లేనప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే, సిగ్నల్ కోసం తడుముకుంటూ బ్యాటరీ కరిగిపోదు.

## వేదిక ముందు

ఎక్కడ నిలబడితే బాగా వినిపిస్తుంది?

వేదికకు ఎదురుగా, మైదానం మధ్యలో, సౌండ్ ఇంజినీర్లు మిక్సింగ్ బల్ల పెట్టుకున్న గుడారం ఉంటుంది. దాని ముందు గానీ పక్కన గానీ నిలబడండి. వాళ్లు తమ చెవులకు వినిపించే దాన్ని బట్టే అన్నీ సరిచేస్తారు కాబట్టి అక్కడ వినిపించేదే వాళ్లు అనుకున్న సంగీతం. మొదటి వరుసలో కళాకారుల ముఖాలు కనిపిస్తాయి గానీ, చాలాసార్లు మంద్రస్థాయి బేస్ ధ్వని దద్దరిల్లి గాయకుల గొంతు మునిగిపోతుంది.

ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వంద మీటర్ల వెనక నిలబడితే డోలు మీద కర్ర పడటం ముందు కనిపించి, దెబ్బ సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. అందుకే పెద్ద మైదానాల్లో మధ్యలో స్తంభాలకు మరిన్ని స్పీకర్లు కట్టి, వాటి శబ్దాన్ని ఆ కొలత ప్రకారం ఆలస్యం చేసి వదులుతారు. వెనక ఉన్నా, ఆ స్పీకర్లు తిరిగి ఉన్న వైపు, స్తంభాలకు కాస్త దూరంగా నిలబడితే హాయిగా వినవచ్చు. గాలి వీచే దిక్కును బట్టి కూడా ధ్వని వంగుతుంది. ఉన్నట్టుండి పాట దూరమైనట్టు అనిపిస్తే అది మీ చెవి తప్పు కాదు.

తోపులాట జరుగుతుందేమోనని భయం. నిజంగా ప్రమాదమా?

అరుదు, కానీ నిజమే. డెన్మార్క్‌లోని రోస్కిల్డె ఉత్సవంలో 2000 సంవత్సరంలో వేదిక ముందు జరిగిన తోపులాటలో తొమ్మిదిమంది యువకులు చనిపోయారు. ఇలాంటి దుర్ఘటనల్లో చాలావరకు ప్రాణం పోయేది తొక్కిసలాటలో కాదు, నాలుగు వైపులా ఒత్తిడికి ఛాతీ విచ్చుకోలేక ఊపిరి అందకపోవడం వల్ల.

చదరపు మీటరుకు ఐదుగురిని మించితే ప్రమాదం మొదలైనట్టే. కొలిచి చూడలేం కాబట్టి ఒంటి గుర్తులు తెలుసుకోండి. చేతులను స్వేచ్ఛగా ముఖం దాకా ఎత్తగలుగుతున్నారా? నాలుగు వైపుల నుంచీ భుజాలు తగులుతున్నాయా? మీరు అడుగు వేయకుండానే గుంపు మిమ్మల్ని అలలా ఊపుతోందా? ఈ మూడోది కనిపిస్తే పాట ఎంత నచ్చినా బయలుదేరాల్సిందే.

అప్పటికే ఇరుక్కుంటే చేతులు రెండూ మడిచి ఛాతీకి ఎదురుగా పెట్టుకోండి, ఊపిరికి కాస్త చోటు మిగులుతుంది. ఒత్తిడికి ఎదురు నెట్టకండి, అరిచి ఊపిరి వృథా చేసుకోకండి. అల వచ్చినప్పుడు దానితో పాటు ఊగి, అది నెమ్మదించిన క్షణాన ఏటవాలుగా అంచు వైపు ఒక్కో అడుగు వేయండి. ఫోను కింద పడితే వంగకండి, దాన్ని వదిలేయండి. పక్కన ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లతో కలిసి వెంటనే లేపండి. ముందున్న సెక్యూరిటీ సిబ్బందికి చేతులతో సైగ చేయండి, బారికేడ్ మీదుగా మనిషిని బయటికి తీయడం వాళ్లకు తెలుసు.

స్నేహితుడు మొదటి వరుసకు వెళ్దామంటాడు. నాకు గుంపంటే భయం. కాదంటే బాధపడతాడేమో?

కాదనండి. మొహమాటానికి వెళ్లి గుండె దడతో నిలబడితే ఇద్దరికీ పాట దక్కదు. అతన్ని ముందుకు వెళ్లనివ్వండి, మీరు వెనక విశాలంగా ఉన్నచోట వినండి. ముగిశాక ఎక్కడ కలుస్తారో చెప్పుకుని విడిపోండి. ఒకే పాటను రెండు చోట్ల నుంచి విన్న ఇద్దరు తర్వాత చెప్పుకునే కబుర్లు ఇంకా బాగుంటాయి.

ఎండలో రోజంతా ఎలా ఉండాలి? ఎన్ని నీళ్లు తాగాలి?

దాహం కోసం ఎదురుచూడకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు. అలాగని గుక్కతిప్పుకోకుండా వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే ఒంట్లో సోడియం పలచబడుతుంది, అదీ ప్రమాదమే. మధ్యమధ్య ఉప్పున్నది ఏదైనా తినండి, లేదా ఓఆర్ఎస్ తాగండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోండి. మెడ వెనక, చెవుల పైన, పాదాల మీద రాసుకోవడం చాలామంది మరిచిపోతారు.

మీ తోడును గమనిస్తూ ఉండండి. తల తిరగడం, వికారం, విపరీతమైన చెమట, నీరసం కనిపిస్తే నీడకు తీసుకెళ్లి, పడుకోబెట్టి, ఒళ్లు తడిపి, మెల్లగా నీళ్లు పట్టించండి. మాట తడబడుతున్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోయి ఉండవచ్చు. వెంటనే వైద్య సిబ్బందిని పిలవండి. వాళ్లు వచ్చేదాకా ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ విసరండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

ఉరుములు మొదలైతే టెంటులోకి వెళ్లవచ్చా?

టెంటు పిడుగు నుంచి కాపాడదు. పక్కా భవనంలోకి గానీ, రేకు కప్పు ఉన్న కారు లేదా బస్సులోకి గానీ వెళ్లి తలుపులు వేసుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే అది దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, అప్పటికే కదలాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి బయటికి రండి. ఇనుప స్తంభాలకు, వేదికకు, ఒంటరి చెట్లకు దూరంగా ఉండండి.

పాటలన్నీ వీడియో తీసుకోవాలనుంది. తీసుకోవచ్చా?

ఒకటో రెండో తీసుకుని ఫోను జేబులో పెట్టండి. ఎత్తి పట్టిన ఫోను వెనకవాళ్లకు వేదికను మూసేస్తుంది. లేజర్ కాంతి నేరుగా పడితే కెమెరా సెన్సర్ పాడవుతుంది కూడా. నేనైతే స్నేహితురాలి ముఖం ఒక పాటలో పది సెకన్లు తీస్తాను. ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ చూసుకున్నవి అవే.

## రాత్రి వేళ

టెంటులో నిద్ర పడుతుందా?

కొద్దిగా పడుతుంది. కింద పరిచే చాప మందంగా ఉండాలి, ఒంటి వేడిని ముందు లాక్కునేది నేలే. పగలు ఎంత ఎండ కాసినా తెల్లవారుజామున చలి వేస్తుంది, పొడి మేజోళ్లు ఒక జత పడుకునేటప్పటి కోసమే దాచుకోండి. టెంటు గాలి రంధ్రాలు మూయకండి. మూస్తే మన ఊపిరిలోని తేమే పొద్దున్నకు పైనుంచి చుక్కలుగా రాలుతుంది.

చలికి టెంటులోపల చిన్న స్టవ్ వెలిగించుకోవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ, ఆరిపోయినట్టు కనిపించేది గానీ, టెంటులోకి తేకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

స్నేహితుడు బాగా తాగి పడిపోతే ఏం చేయాలి?

ఒంటరిగా వదలకండి, నిద్రపోనిద్దాం అనుకోకండి. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా వెంటనే వైద్య సిబ్బందిని పిలవండి. ఈలోగా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి వస్తే ఊపిరి అడ్డం పడదు. ఏం తీసుకున్నాడో తెలిస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వైద్యులకు కావలసింది చికిత్సకు పనికొచ్చే సమాచారం. వాళ్లు తీర్పు చెప్పడానికి కూర్చోలేదు.

రెండో రోజు ఇద్దరం చిన్న విషయానికి గొడవ పడ్డాం. ఇది మామూలేనా?

మామూలే. నిద్ర లేదు, కాళ్ల నొప్పులు, ఎడతెగని శబ్దం, పైగా ఒకరి ముఖం ఒకరు చూస్తూ నలభై గంటలు. కారణం ఏదైనా ముందు ఏదైనా తిని, నీళ్లు తాగి, నీడలో కూర్చోండి. అప్పటికీ తగ్గకపోతే రెండు గంటలు విడిగా తిరిగి రండి. మైదానంలో కూర్చుని ఆ గొడవను తేల్చుకోవాలని చూడకండి, ఆ అలసటలో నోటి నుంచి వచ్చే మాటలు మనసులోవి కావు. ఒకసారి మేము సరిగ్గా టెంటు తాడు ఎవరు సరిగా కట్టలేదన్న దాని మీద మాటలు మానేశాం. సాయంత్రం ఆమె వచ్చి ఏమీ అనకుండా నా పక్కన కూర్చుని, తన చెవి ప్లగ్గుల డబ్బా తెరిచి నా ముందు పెట్టింది. నావి పోగొట్టుకున్నానని ఆమె పొద్దున్నే గమనించింది.

## తిరుగు ప్రయాణం

ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో గుయ్యిమంటోంది. తగ్గుతుందా?

చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకోకండి, చెవులకు విశ్రాంతి ఇవ్వండి. అంతకు మించి సాగినా, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా వెంటనే చెవి వైద్యుణ్ని కలవండి. హఠాత్తుగా వినికిడి తగ్గినప్పుడు చికిత్స ఎంత తొందరగా మొదలైతే ఫలితం అంత బాగుంటుంది. తగ్గిపోయినా దాన్ని చెవులు చేసిన హెచ్చరికగానే తీసుకోండి.

ఆదివారం రాత్రి చివరి పాట అయ్యాక కారు నడుపుకుంటూ వచ్చేయవచ్చా?

వద్దు. 17 గంటలకు పైగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుంది. మీరు వరుసగా రెండు రాత్రులు సరిగా పడుకోలేదు కూడా. ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్న తిని బయలుదేరండి. తప్పనిసరైతే నడిపేవాళ్లు మధ్యాహ్నమే రెండు గంటలు పడుకోవాలి, రెండోవాళ్లు దారంతా మేలుకుని మాట్లాడుతూ ఉండాలి. కళ్లు మూతపడుతుంటే పాటల శబ్దం పెంచడం వల్ల ఉపయోగం లేదు, బండి ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయడమే దారి.

టెంటు బురదలో తడిసి ముద్దయింది. అక్కడే వదిలేసి వస్తే నిర్వాహకులు తీసుకుంటారట కదా?

వదిలేసిన టెంట్లు చాలావరకు చెత్తలోకే పోతాయి. వేలకొద్దీ తడి గుడారాలను ఉతికి, ఆరబెట్టి, పంచేంత మనుషులు ఎక్కడా ఉండరు. పైగా ఆ మైదానం ఉత్సవం అయ్యాక తన పనికి తిరిగి వెళ్లాలి. ఇంగ్లండ్‌లో 1970లో మొదలైన గ్లాస్టన్‌బరీ ఉత్సవం జరిగేది పాడి పశువుల పొలంలో. కొన్నేళ్లకోసారి, 2018లో చేసినట్టు, నేలకు విశ్రాంతినిచ్చి ఆ ఏడు ఉత్సవం మానేస్తారు. గడ్డిలో మిగిలిపోయిన చిన్న ఇనుప మేకు కూడా మేతతో పాటు ఆవు కడుపులోకి వెళ్లగలదు.

తడిగానే మడిచి పెద్ద చెత్త సంచిలో వేసుకుని తెచ్చుకోండి. ఇంటికి రాగానే, ఆ రోజే, తాడు మీద ఆరేయండి, రెండు రోజులు ఆగితే బూజు పడుతుంది. మడిచే ముందు మేకులు లెక్కపెట్టండి. మాది పద్నాలుగు మేకుల టెంటు. ఒకరు పీకుతూ ఉంటే ఇంకొకరు పైకి లెక్కపెడతాం. పద్నాలుగు అనేదాకా ఇద్దరం అక్కడి నుంచి కదలం.